పద్దెనిమిది నెలల అంబలి

మా ఆయన చేతి అంబలి గురించి రాయాలంటే ముందు నా నోటి గురించి రాయాలి. ఊరుకునే నోరు కాదు నాది. అంగన్‌వాడీ టీచర్‌గా చేరి ఇరవై ఏళ్ళు దాటింది. పాల్వంచ నుంచి ఆటోలో పోతే అడవి మొదలయ్యే చోట ఒక గూడెం ఉంది, అందులో నా సెంటర్. గర్భిణులకు ఐరన్ గోలీలు ఇచ్చేది నేనే. "ఇంటికి పోయినంక ఏసుకుంట టీచరమ్మా" అంటే ససేమిరా ఒప్పుకోను. నా ఎదుటే మింగాలి, నోరు తెరిచి చూపించాలి. నాలుక కింద దాచుకుని గడప దాటాక ఉమ్మేసే వాళ్ళను కూడా పట్టుకున్నాను. "టీచరమ్మ కండ్లల్ల పడితే అయిపోయినట్టే" అని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నాకూ అది గొప్పగానే ఉండేది.

అలాంటిదాన్ని, నా గోలీ దగ్గరికొచ్చేసరికి మొండికేశాను.

నలభై తొమ్మిదో ఏట షుగర్ బయటపడింది. మా ఆయన థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు ఉద్యోగి కాబట్టి చూపించుకోవడం కంపెనీ దవాఖానాలోనే. డాక్టరమ్మ రిపోర్టు చూసి పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ రాసింది. రోజూ నడవమంది, తిండి మార్చమంది. తొమ్మిది రోజులు వేసుకున్నాను. కడుపులో ఒకటే తిప్పడం, నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. పదో రోజు పిల్లలకు పప్పన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చివరి రెండేళ్ళు ఆమె అన్నం కంటే గోలీలే ఎక్కువ మింగింది. ఒకటి మొదలైతే దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. నాకు భయం పట్టుకుంది. భయమని ఒప్పుకోవడానికి నామోషీ. అందుకని నాకు నేనే ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. చెడ్డ అలవాట్లతో వచ్చిన జబ్బు మంచి అలవాట్లతోనే పోవాలి, గోలీతో కాదు అని.

"ఊరందరి నోట్ల గోలీలేస్తవ్, నీ నోట్ల ఏసుకోనీకి నీకేం రోగం?" అని మా ఆయన అరిచాడు.

"రోగమే. గదే చెప్తున్న. రోగం నాది, ఒళ్ళు నాది. మూడు నెలలు టైమియ్యి."

"మూడు నెలలల్ల కండ్లు పోతే?"

"పోతే పాయె. నీ మొహం చూసే బాధ తప్పుతది."

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. వారం రోజులు మా మధ్య మాటల్లేవు. కూర బాగుందనీ అనలేదు, ఉప్పెక్కువైందనీ అనలేదు.

ఎనిమిదో రోజు పొద్దున, రాత్రి పనిచేసే సీ షిఫ్టు దిగి ఆరున్నరకు ఇంటికొచ్చిన మనిషి స్నానానికి పోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో ఒక సంచి. "సరే, నీ ఇష్టమొచ్చినట్టే కానీ. ఇంక గోలీల ముచ్చట ఎత్త. అంబలి మాత్రం నేను కాస్త. నువ్వు కాస్తే నాలుగు రోజులు కాస్తవ్, అయిదో రోజు బద్ధకం చేస్తవ్" అన్నాడు.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. మంచినీళ్ళ గ్లాసు కూడా తన చేత్తో ముంచుకుని ఎరగడు. స్టవ్ వెలిగించమంటే లైటర్ ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి అంబలి కాస్తానంటున్నాడు. ఆ పొద్దు సెంటర్‌కు పోయే దారంతా ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను.

రాగులను మా వైపు తైదలంటాం. పినపాక వైపు నుంచి ఆడవాళ్ళు సంతకు తెచ్చేవి ఏరి కొనేవాడు. ముందు రోజే పిండి నానేసి పులియబెట్టేవాడు. పొద్దున కాచి చల్లార్చి, మజ్జిగ పోసి, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. చివరన ఒక చెంచా మెంతిపొడి. "షుగర్‌కు మెంతులు మంచియట. చేదుంటది, కండ్లు మూసుకుని తాగు" అన్నాడు. చేదే. ఒక్కోసారి గొంతు దిగేది కాదు. అయినా చేదంటే మందు లాంటిదే కదా అని గటగటా తాగేసేదాన్ని. రాత్రి అన్నంలోకి కూడా అదే పొడి కలిపిన మజ్జిగ.

షిఫ్టు ఏదైనా తప్పలేదు. పొద్దుటి 'ఏ' షిఫ్టయితే ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి, కాబట్టి నాలుగున్నరకే లేచి కాచి గ్లాసు మీద మూత పెట్టి పోయేవాడు. బీ షిఫ్టయితే మధ్యాహ్నం బయలుదేరే ముందే రాత్రి మజ్జిగ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. రాత్రి ఎనిమిదింటికి ఫోను. "తాగినవా?" అవ్ అనేదాన్ని. "మొత్తం తాగినవా, అడుగున మిగిల్చినవా?" అని మళ్ళీ అడిగేవాడు. మెంతిపొడి అడుగున పేరుకుంటుందని, చెంచాతో కలిపి ఆఖరి చుక్క వరకు తాగాలని ఆయన పట్టు. ఈ మనిషికి నా మీద ఇంత ప్రేమ ఎక్కడ దాగుందిరా దేవుడా అనుకునేదాన్ని. మా థర్మల్ కాలనీలో కనిపించిన ప్రతి ఆడదానికీ చెప్పుకున్నాను. వాళ్ళు తమ మొగుళ్ళను సాధించడానికి నా మొగుడి పేరు వాడుకునేవాళ్ళు.

ఇక నా వంతు నేను చేశాను. అబద్ధం చెప్పను, ఒళ్ళు దాచుకోకుండా చేశాను. పొద్దున అయిదున్నరకు నడక. ఫోను ఇంట్లోనే. తినేటప్పుడు టీవీ బంద్. కింద కూర్చుని, ముద్ద నోట్లో ఉండగా రెండో ముద్ద కలపకుండా, ఏం తింటున్నానో నాలుకకు తెలిసేలా నమిలేదాన్ని. అంతకుముందు యాభై ఏళ్ళు నేను అన్నం తినలేదు, మింగానంతే. సొరకాయ కూరకు కూడా ఒక తీపి ఉంటుందని అప్పుడే తెలిసింది. సాయంత్రం పెరటి మెట్టు మీద పది నిమిషాలు ఊరికే కూర్చునేదాన్ని. మొదటి వారం ఆ పది నిమిషాలూ ఎవరెవరిని ఏమేం తిట్టాలో గుర్తుకు తెచ్చుకోవడంతోనే సరిపోయింది. రెండో నెలకు తిట్లు అయిపోయాయి. దండెం మీద బట్టలపై పడే థర్మల్ బూడిదను చూసి కూడా కోపం రాలేదు. "టీచరమ్మ ఈ నడుమ అరుస్తలేదు, పాణం బాగలేదా?" అని గూడెంలో ఒక ముసలమ్మ నా నుదురు పట్టుకుని చూసింది.

మూడు నెలలకు బయట ల్యాబులో పరీక్ష చేయిస్తే షుగర్ దిగింది. ఆర్నెల్లకు ఇంకా దిగింది. ఆ కాగితాన్ని మా ఆయన ముఖం ముందు ఆడించాను. "ఏమయ్యా, కండ్లు పోతయంటివి?" ఆయన నవ్వి తల దించుకున్నాడు. ఓడిపోయి నవ్వుతున్నాడనుకున్నాను.

నడకకు నాతో పాటు వచ్చే ఆమె ఒకతె ఉండేది. కాలనీ గేటు ఎదురుగా చిన్న దుకాణాల మడిగెల వరుసలో టైలరమ్మ. తాతల నాటి నుంచి వాళ్ళది కుట్టుపనే. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అంటుంది, మా ఆయనను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆమె భర్త బూడిద లారీ తోలుతాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. ఆమెకు నాకంటే ముందే షుగర్ వచ్చింది. నాలుగేళ్ళుగా గోలీలు వేసుకుంటోంది. నేను నడుస్తానంటే "నన్ను గూడ తోల్కపో అక్కా, పొద్దంత మిషను మీద కూసుంటే కాళ్ళు మొద్దుబారుతున్నయ్" అని వెంట పడింది.

మా ఇద్దరి నడక డ్యామ్ రోడ్డు మీద. టేకు చెట్ల దాకా పోయి వెనక్కి తిరిగేవాళ్ళం. పోయేటప్పుడు మాట్లాడకూడదని నా రూలు, వచ్చేటప్పుడు ఆమె రూలు, అంటే ఒకటే ముచ్చట్లు. రంజాన్ నెలలో కూడా తెల్లవారకముందే సహరీ తిని వచ్చేది. నడక అయ్యాక ఆదివారాలు మా ఇంట్లో కూర్చునేది. ఆమెకు నేనే విడిగా అంబలి కాచి ఇచ్చేదాన్ని. మా ఆయన నా గ్లాసు మాత్రం వేరుగా పెట్టేవాడు. "మీ అక్కది చేదు గ్లాసు, నువ్వు తాగలేవ్ బిడ్డా" అనేవాడు. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

అలాంటి ఒక ఆదివారం అది. ఆర్నెల్ల రిపోర్టు చేతికొచ్చిన కొత్త. నా ఒళ్ళు నేల మీద లేదు. "గోలీ ముట్టక ఆర్నెల్లయింది చెల్లె. చూడు, కాయితమే చెప్తుంది" అన్నాను.

చెల్లె ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. "నేను గూడ బంద్ చేస్తె ఏమైతదక్కా? నేనూ నడుస్తున్న, నేనూ అంబలే తాగుతున్న."

"ఏమైతది? నన్ను చూస్తలేవా?" అన్నాను.

మా ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. పేపర్ దించి నన్ను చూశాడు, చెల్లెను చూశాడు. "ఒకసారి డాక్టర్నడగరాదు" అన్నాడు, చాలా మెల్లగా.

"నువ్వు ఊకో. అన్నీ డాక్టర్లనే అడిగితే నేను గిట్ల అయ్యేదాన్నా?" అని గద్దించాను.

ఆయన మళ్ళీ పేపర్ ఎత్తుకున్నాడు.

చెల్లె గోలీలు మానేసింది. మొదట రెండు మూడు నెలలు బాగానే ఉన్నానంది. నీళ్ళెక్కువ తాగుతోందని, చిక్కిపోయిందని నాకు కనిపించింది. చిక్కితే నడక పని చేస్తోందనుకున్నాను. "పరీక్ష చేయించుకో" అని ఒకటి రెండుసార్లు అన్నాను గానీ గట్టిగా అనలేదు. "వేలు పొడిపించుకునుడు ఎందుకక్కా, నీకు తగ్గింది, నాకు తగ్గదా" అంది. ఆ మాట నాకు తియ్యగా ఉంది. సంవత్సరం అలా నడిచింది.

పోయిన ఏడు వానలు పట్టిన రోజుల్లో ఆమె మిషను మీద మందపాటి గుడ్డ కుడుతుంటే సూది విరిగింది. ముక్క ఎగిరి కింద పడింది, వెతికినా దొరకలేదు. టైలర్లు చెప్పులు విప్పి ఉత్త కాళ్ళతోనే తొక్కుతారు కదా. ఆ ముక్క కుడికాలి బొటనవేలి కింద దిగింది. దిగినట్టు ఆమెకు తెలియలేదు. సూది దిగితే తెలియని కాలు అది, అప్పటికే. దాని మీదే నాలుగు రోజులు మిషను తొక్కింది, నాతో పాటు డ్యామ్ రోడ్డు మీద నడిచింది. అయిదో రోజు కాలు వాచిందంటే చూశాను. "నొప్పి ఉందా?" అని అడిగాను. "అస్సలు లేదక్కా" అంది. నొప్పి లేదంటే మంచిదే, తగ్గిపోతుందని పసుపు, కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టాను. నేను! పిల్లల మోకాలు గీసుకుపోతే పరిగెత్తి పీహెచ్‌సీకి పంపే నేను. రెండు రోజుల తర్వాత గుడ్డ విప్పితే వాసన వచ్చింది.

కట్టు గుడ్డలు, ఆయింట్‌మెంటు తెద్దామని కంపెనీ దవాఖానాకు పోయాను. ఉద్యోగి కుటుంబానికి ఒక మెడికల్ బుక్కు ఉంటుంది, అది చూపిస్తే మందులిస్తారు. ఆ బుక్కు ఎప్పుడూ మా ఆయన డ్యూటీ బ్యాగులో ఉండేది. ఆ రోజు పొద్దుటి షిఫ్టుకు వేరే బ్యాగు తీసుకుపోయాడు, పాతది మేకుకు వేలాడుతోంది. అందులోంచి బుక్కు తీసుకుని, విప్పి కూడా చూడకుండా, పోయి నా కాలికే దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పాను.

కిటికీలో ఉన్న ఫార్మసిస్టు బుక్కు తిరగేసి, "కట్టు గుడ్డలిస్త మేడం. మీ షుగర్ గోలీలు గూడ తీస్కపోండ్రి. సారు ఈ నెల ఇంక రాలే" అన్నాడు.

"ఏ గోలీలు?"

"మీయే మేడం. రోజుకు రెండు. పొద్దున్నొకటి, రాత్రొకటి." బుక్కు నా వైపు తిప్పాడు.

నెల నెలా ముద్ర. ముద్ర పక్కన షుగర్ గోలీ పేరు, కింద మా ఆయన సంతకం. పేజీ తిప్పితే మళ్ళీ అదే. పద్దెనిమిది నెలలు. సంతకం ఒక్కసారి కూడా వంకర పోలేదు.

మొదట నాకు తట్టింది చెబితే నవ్వుతారు. పాపం ఆయనకే షుగర్ వచ్చిందేమో, నాకు చెప్పకుండా నా పేరు మీద తీసుకుని వేసుకుంటున్నాడేమో అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ తర్వాత, అక్కడే నిలబడి ఉండగానే, నోట్లోకి ఆ చేదు వచ్చింది. పొద్దున చేదు, రాత్రి చేదు. అడుగున మిగల్చకు, చెంచాతో కలుపుకుని తాగు. మెంతులకు అంత చేదు ఎక్కడిది? చిన్నప్పటి నుంచి మెంతికూర తింటున్న నోరు కదా ఇది, దీనికి తెలియలేదా? ఒళ్ళంతా మంటెత్తింది. ఆ మంట మధ్యలో చెల్లె మొహం కనిపించింది. ఆమె అంబలిలో అంబలే ఉంది.

బుక్కు లాక్కుని, కట్టు గుడ్డలు అక్కడే వదిలేసి చెల్లె దగ్గరికి పరిగెత్తాను. "జల్దీ లే చెల్లె, పెద్ద దవాఖానాకు పోవాలె" అన్నాను. "గంత తొందరేందక్కా, నొప్పి లేదు గదా" అంటోంది. చెయ్యి పట్టుకుని లేపి ఆటో ఎక్కించాను. కొత్తగూడెంలో చూసి ఖమ్మం పొమ్మన్నారు. ఖమ్మంలో రక్తం తీసి చూసిన చిన్న డాక్టరు ఆ అంకె రెండుసార్లు చదివాడు.

"గోలీలు వాడుతున్నవా అమ్మా?"

"ఏడాదైంది సార్ బంద్ చేసి."

"ఎవరు చెప్పిన్రు బంద్ చేయమని?"

చెల్లె నా వైపు చూడలేదు. నేల చూసింది. "ఎవ్వరూ చెప్పలే సార్. నేనే" అంది.

పక్కనే నిలబడి ఉన్నాను. చేతిలో ఆమె చీటీ ఉంది. ఇరవై ఏళ్ళుగా ఊరందరి మీదా లేచిన నా నోరు అప్పుడు లేవలేదు. నేనే చెప్పానని రెండు మాటలు అనలేకపోయాను. ఆ రోజు రెండు వేళ్ళు తీసేశారు.

మర్నాడు చెల్లె ఇంట్లో ఆమె బట్టలు సర్దుకుని మా ఇంటికొచ్చాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. బల్ల మీద గ్లాసు, దాని మీద మూత.

"ఇందుల ఏముంది?" అన్నాను.

"ఏముంటది? అంబలి."

"ఇందుల ఏముంది?"

రెండోసారి అడిగేసరికి ఆయనకు అర్థమైంది. బుక్కు బల్ల మీద పెట్టాను. ఆయన లేచి వంటింటి అలమరా పైనుంచి మెంతిపొడి డబ్బా తెచ్చాడు. అందులో ఒక మూల గోలీల అట్ట, రెండు స్టీలు చెంచాలు.

"నువ్వు చెప్పిందే గదా. కడుపుల పురుగులకిచ్చే నట్టల గోలీ మింగని చిన్న పోరగాండ్లకు రెండు చెంచాల నడుమ పెట్టి నలిపి, నీళ్ళల్ల కలిపి పోస్తమని. గట్లనే చేసిన. గోలీ మారిస్తే కడుపుల తిప్పదని డాక్టరమ్మ చెప్పింది, మార్పించిన. నీ రిపోర్టులన్నీ ఆమెకు నేనే చూపించేది. నువ్వు నా మాట ఇంటవా? చెప్పు, ఎన్నడన్న ఇన్నవా? కండ్ల ముంగట నిన్ను పోగొట్టుకోవాల్నా?"

నాకు జాలి కలగాలి. కలగలేదు. నన్ను నోరు తెరవని పసిపిల్లను చేసి పద్దెనిమిది నెలలు పోశాడు. నా గెలుపని నేను ఊరేగించిన ప్రతి కాగితం ఆయన వెనక నుంచి చూసి నవ్వుకున్నదే. నడిచాను, నమిలాను, కోపాన్ని మింగాను. ఆ షుగర్ దిగింది దేనితో? నా కాళ్ళతోనా, ఆ రెండు చెంచాలతోనా? తర్వాత డాక్టరమ్మను అడిగితే "రెంటితోనూ అమ్మా, నువ్వు అలవాట్లు మార్చబట్టే ఇంత తక్కువ మందు సరిపోయింది" అంది. అందులో నా వాటా ఎంతో ఆమె కూడా చెప్పలేదు. పెరటి మెట్టు మీద కూర్చుని నేను సంపాదించుకున్నాననుకున్న ఆ ప్రశాంతత కూడా నాదో, నన్ను ఏమార్చినవాడిదో తెలియకుండా పోయింది.

అయినా అది కూడా మింగేదాన్నేమో. మొగుడు, ప్రేమతో చేశాడు, పోనీ అనుకునేదాన్నేమో.

"చెల్లె గోలీలు బంద్ చేస్తనన్న రోజు నువ్వు గీ కుర్చీలనే కూసున్నవ్" అన్నాను.

"అన్న గదా, డాక్టర్నడుగుమని."

"అన్నవ్. నేను ఊకో అంటే ఊకున్నవ్. ఏడాది ఊకున్నవ్. ప్రతి ఆదివారం మన ఇంట్ల అంబలి తాగి పోయింది. నీకు తెలుసు, ఆమె గ్లాసుల ఏం లేదని నీ ఒక్కనికే తెలుసు."

"చెప్తే నువ్వు తాగుడు మానేస్తవ్. నిన్ను కాపాడుకోవాల్నా, ఊరంతా కాపాడాల్నా?"

ఆ మాట ఆయన కోపంతో అనలేదు. నిజంగానే అడిగాడు. లెక్క తేలిన విషయమన్నట్టు అడిగాడు. ఆ గదిలో నా పక్కన ఉన్న మనిషి ఎవరో నాకు అప్పుడే మొదటిసారి తెలిసినట్టయింది. అంతకంటే ఘోరం, ఆ లెక్కలో ఒక పక్కన నన్ను కూర్చోబెట్టాడు. నేను అడగకుండానే.

గ్లాసు తీసుకుపోయి సింకులో పోశాను. అట్టలోంచి గోలీ చింపి, నీళ్ళతో మింగి, ఆయన ముందుకొచ్చి నోరు తెరిచి చూపించాను. "చాలా? ఇంక నువ్వేం కలపకు. నీళ్ళు గూడ ఇయ్యకు."

బట్టల సంచి తీసుకుని బయలుదేరుతుంటే వెనక నుంచి అన్నాడు. "ఆమెకు చెప్పకు. చెప్తే ఏమొస్తది, పోయిన వేళ్ళు తిరిగొస్తయా? ఉన్న నమ్మకం గూడ పోతది."

నిజం చెప్పాలంటే ఆ సలహా నాకు నచ్చింది. బస్సులో ఖమ్మం దాకా దాన్నే పట్టుకుని కూర్చున్నాను. చెల్లెకు నొప్పి తగ్గనీ, కుట్లు ఎండనీ, ఇంటికి రానీ. వారం తిరగకుండానే కుళ్ళు పైకి పాకిందని కుడి పాదం సగం తీసేశారు. అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె భర్త లారీ వదిలేసి వచ్చి, నా రెండు చేతులు పట్టుకుని, "నువ్వు లేకపోతే పాణం పోయేది అక్కా" అన్నాడు. ఆ చేతులు విడిపించుకుని బయటికి పోయి, కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు అంబలి నేనే కాచుకుంటున్నాను. గోలీ నేనే వేసుకుంటున్నాను, పొద్దున్నొకటి, రాత్రొకటి, అందరికీ కనిపించేలా. నడక మానలేదు. ఒంటరిగా నడుస్తున్నాను. కింద కూర్చునే తింటున్నాను, కానీ ఎంత నమిలినా ముద్దకు రుచి తెలియడం లేదు. మా ఆయన షిఫ్టుకు పోతాడు, వస్తాడు. కావాల్సిన మాటలే మాట్లాడుకుంటాం. ఒకరోజు నాకు జ్వరమొస్తే ఆయన కాఫీ కలిపి తెచ్చాడు. అందుకుని, తెలియకుండానే చెంచా పెట్టి అడుగు దాకా కలిపి చూశాను. ఆయన చూశాడు. లేచి అవతలి గదిలోకి పోయాడు.

చెల్లె ఇంటికొచ్చిన రెండు నెలలకు గానీ నాకు ధైర్యం రాలేదు. ఒక మధ్యాహ్నం సెంటర్ నుంచి నేరుగా ఆమె మడిగెకు పోయాను. మిషనుకు మోటారు పెట్టించారు, ఎడమ కాలితో నొక్కడం నేర్చుకుంటోంది. కుట్టు ఒక చోట సాగి, ఒక చోట దగ్గరపడి వస్తోంది. విప్పి మళ్ళీ కుడుతోంది. చుట్టిన కాలు స్టూలు మీద ఉంది.

కింద కూర్చుని మొత్తం చెప్పాను. మెడికల్ బుక్కు, రెండు చెంచాలు, మెంతిపొడి, అన్నీ. నాకు తెలియదు చెల్లె అని చెప్పాను. తెలియకపోయినా బంద్ చెయ్యమని చెప్పింది నేనే అని కూడా చెప్పాను. డాక్టరు ముందు నోరు విప్పలేదని చెప్పాను. చెబుతున్నంతసేపు ఆమె ఒడిలో ఉన్న గుడ్డ మడతను గోటితో గీస్తూనే ఉంది.

చివరికి ఒక్కటే అడిగింది. "నేను బంద్ చేసిన్నని అన్నకు తెలుసా?"

తెలియదనొచ్చు. ఇంటికి పోయి ఆయనతో కూడా అదే అనిపించొచ్చు. అలా అంటే ఆ మడిగెలో ఆమె నన్ను ఇంకా అక్కా అనే పిలుస్తుంది.

"తెలుసు" అన్నాను.

చెల్లె తలూపింది. బయట బస్సు వచ్చి ఆగింది, షిఫ్టు దిగినవాళ్ళు దిగుతున్నారు. ఆమె వాళ్ళను కాసేపు చూసి నా వైపు తిరిగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని దండం పెట్టుకున్నాను.

"అన్న మంచిగ చేసిండక్కా. నీకు కలిపిండు" అంది. "నాకెవ్వరూ కలపలే."